‘ఇతర పనుల’ నుంచి నాయకత్వానికి: వైస్ ప్రిన్సిపాళ్ళ సదస్సులో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసల్లో చాలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని ముందు బెంచీల్లో కూర్చోమని రోజూ చెప్పేవాళ్ళం, మన దాకా వచ్చేసరికి మాత్రం వెనక బెంచీయే కావాలి. (నవ్వులు)

నేరుగా విషయానికి వస్తాను. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ అనండి, వైస్ ప్రిన్సిపాల్ అనండి, డిప్యూటీ హెడ్ అనండి, ఈ ఉద్యోగానికి రాసే విధుల జాబితాలో చివరి వాక్యం చాలాచోట్ల ఒకేలా ఉంటుంది: ‘ప్రిన్సిపాల్ అప్పగించే ఇతర పనులు.’ దానికి పైనున్న అంశాలన్నీ కాగితం మీద ఉంటాయి, మీ రోజు మాత్రం ఆ చివరి వాక్యంలోనే గడిచిపోతుంది. పొద్దున్నే ఎవరు రాలేదో చూసి సబ్‌స్టిట్యూషన్ వెయ్యాలి. మొదటి పీరియడ్ సగంలో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారని కబురు. అది తేలకముందే ఒక తండ్రి కోపంగా వస్తాడు. ఇన్విజిలేషన్ చార్టు, ఆలస్యమైన బస్సు, పనిచెయ్యని ప్రొజెక్టర్, మీ గదిలో కళ్ళనీళ్ళు పెట్టుకుని కూర్చున్న ఒక టీచరు. సాయంత్రం ‘ఇవాళ ఏం చేశాను’ అని ఆలోచిస్తే గట్టిగా చెప్పుకోడానికి ఒక్కటీ గుర్తురాదు. ఒళ్ళునొప్పులు మాత్రం ఉంటాయి.

ఇవి చిన్న పనులని నేననడం లేదు. మీరు ఒక్కరోజు రాకపోతే స్కూలు ఎలా ఉంటుందో మీకంటే మీ ప్రిన్సిపాల్‌కి బాగా తెలుసు. నేనడిగేది ఇంకొకటి. ఈ పనులన్నీ ఏళ్ళ తరబడి చేస్తే స్కూలు నడపడం వస్తుందా? రాదని నా అభిప్రాయం. వాటంతట అవి నేర్పవు. నేర్పే పనిని మనం వెతికి, అడిగి, తెచ్చుకోవాలి. ఈ గంటలో నేను చెప్పబోయేదంతా ఆ అడగడం గురించే.

అమెరికాలో ఈ పదవి మీద లెక్కలు బాగా దొరుకుతాయి కాబట్టి అక్కడినుంచి మొదలుపెడతాను. 1990-91, 2015-16 సంవత్సరాల మధ్య అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో అసిస్టెంట్ ప్రిన్సిపాళ్ళ సంఖ్య సుమారు 44 వేల నుంచి 81 వేల దాకా పెరిగింది. అంటే 83 శాతం. ప్రిన్సిపాళ్ళ సంఖ్య ఆ వేగంతో ఏమాత్రం పెరగలేదు. ప్రిన్సిపాల్ కుర్చీలో ఉన్నవాళ్ళలో ముప్పాతిక వంతు పైచిలుకు ఈ మెట్టెక్కి వచ్చినవాళ్ళే. ఎలెన్ గోల్డ్‌రింగ్, మోలీ రూబిన్, మరీసా హెర్మన్ అనే ముగ్గురు ఈ పదవి మీద 2000 తర్వాత వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఆ నివేదికను 2021లో వాలెస్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థ ప్రచురించింది. ఇంతమంది ఈ మెట్టు మీదుగానే పైకి పోతున్నా, ఈ అనుభవం ఉన్నవాళ్ళు మెరుగైన ప్రిన్సిపాళ్ళవుతారా అన్నది మాత్రం ఆ అధ్యయనాల్లో తేలలేదు. ఒకటి అవునంటే ఇంకొకటి తేడా లేదంది.

దానికి కారణం ఊహించడం కష్టం కాదు. పదవి పేరు ఒకటే, లోపలి పని ఒక్కోచోట ఒక్కో రకం. ఒకరు ఏడాదంతా క్రమశిక్షణ కేసులే చూస్తారు. ఇంకొకరు టీచర్లతో కూర్చుని పాఠాలు చర్చిస్తారు. ఇద్దరి సర్వీసు పుస్తకంలోనూ పడేది ఒకే మాట. ఉత్తర కరోలినాలో కొత్తగా ప్రిన్సిపాళ్ళైనవాళ్ళ మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. అంతకుముందు పిల్లలు బాగా నేర్చుకుంటున్న పాఠశాలలో అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా చేసినవాళ్ళు, తర్వాత తమ సొంత పాఠశాలలోనూ మెరుగైన ఫలితాలు చూపించారు. ఎక్కడ పనిచేశారు, అక్కడ ఏం చూశారు అన్నదానికి విలువుందని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

ఇక్కడ ఒక పక్కమాట. ‘నా వంతు వచ్చినప్పుడు చూద్దాంలే’ అని కూర్చునేవాళ్ళున్నారు. వంతు అందరికీ ఒకేలా రాదు. టెక్సస్‌లో 2001 నుంచి 2017 దాకా 4,689 మంది అసిస్టెంట్ ప్రిన్సిపాళ్ళ రికార్డులు పరిశీలిస్తే, అర్హతలూ అనుభవమూ సమానంగా ఉన్నా తెల్లజాతివారికంటే నల్లజాతివారికి పదోన్నతి దక్కే అవకాశం 18 శాతం తక్కువని తేలింది. ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువకాలం ఎదురుచూడాల్సి వచ్చింది. అది ఆ రాష్ట్రపు లెక్క, మీ దగ్గర ఇంకోలా ఉండొచ్చు. కానీ నోరు విప్పకుండా బాగా పనిచేస్తూ పోతే ఎవరో ఒకరు గమనించి పిలుస్తారనే నమ్మకం మీద ఒక జీవితాన్ని పందెం కాయొద్దని చెబుతున్నాను. ఈ గదిలో ఉన్న మహిళలకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటా.

సరే, అడగాల్సిన పని ఏది?

2008లో న్యూజీలాండ్ పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ తన సహచరులతో కలిసి, పాఠశాల నాయకులు చేసే పనుల్లో ఏవి పిల్లల చదువు మీద ఎంత ప్రభావం చూపుతాయో పాత అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఐదు రకాల పనులు తీసుకుని ఒక్కోదానికి ఒక అంకె ఇచ్చారు, అంకె ఎంత పెద్దదైతే ప్రభావం అంత ఎక్కువ. క్రమశిక్షణతో కూడిన ప్రశాంత వాతావరణం ఏర్పరచడానికి వచ్చిన ప్రభావం 0.27. టీచర్ల నేర్చుకోవడాన్ని ప్రోత్సహిస్తూ తామూ అందులో పాలుపంచుకోవడానికి 0.84. ఆ రెండో అంకె వెనకున్న అధ్యయనాలు తక్కువే, కాబట్టి దాన్ని పట్టుకుని ఊరేగొద్దు. అయినా ఐదింటిలో అన్నిటికంటే కింద ఉన్నది దాదాపు మీ దినచర్య, అన్నిటికంటే పైన ఉన్నది మీ దాకా రాని పని. అది చూసి కొంచెం ఇబ్బంది పడాలి మనం.

‘పాలుపంచుకోవడం’ అన్నారు చూడండి, దాన్ని తేలిగ్గా దాటెయ్యకండి. టీచర్లకు శిక్షణ పెట్టి, ప్రారంభోపన్యాసం చేసి, ఫొటో దిగి, ‘నాకు మీటింగుంది, మీరు కానివ్వండి’ అని వెళ్ళిపోవడం మనందరికీ వచ్చు. (నవ్వులు) అక్కడే కూర్చుని, వాళ్ళతోబాటు ఆ అభ్యాసం చేసి, అర్థంకానిచోట అర్థం కాలేదని అడిగే నాయకుడు కావాలి. వైస్ ప్రిన్సిపాల్‌కి ఇందులో ఒక వెసులుబాటుంది. ప్రిన్సిపాల్ వచ్చి కూర్చుంటే గది బిగుసుకుపోతుంది. మీరు కూర్చుంటే అంతగా బిగుసుకోదు. చాలామంది మీరింకా స్టాఫ్‌రూమ్ మనిషేనని అనుకుంటూ ఉంటారు కాబట్టి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే అధ్యయనం గురించి చెబుతాను. జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెంజమిన్ మాస్టర్ 2013లో ప్రచురించారు. మయామీ ప్రాంతంలోని సుమారు 100 మంది ప్రిన్సిపాళ్ళ వెంట పరిశీలకులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగి, ఎప్పుడు ఏం చేస్తున్నారో రాసుకున్నారు. ఇలా మూడు విద్యాసంవత్సరాలు చేశారు. బోధనకు సంబంధించిన పనుల మీద ప్రిన్సిపాళ్ళు పెట్టిన సమయం మొత్తంలో సుమారు 13 శాతం. అందులో పెద్దవాటా వాక్‌త్రూలది, అంటే తరగతిలోకి వెళ్ళి కొద్ది నిమిషాలు నిలబడి బయటికి వచ్చెయ్యడం. టీచరుతో కూర్చుని పాఠం మీద పనిచెయ్యడానికి దక్కింది ఒక శాతంలో సగం.

ఫలితం చూశారా? టీచర్లకు కోచింగ్ ఇవ్వడానికి, అంటే అలా కూర్చుని పాఠం మీద పనిచెయ్యడానికి, పెట్టిన సమయం పెరిగినచోట పిల్లల చదువూ మెరుగ్గా ఉంది. వాక్‌త్రూల మీద ఎక్కువ సమయం పోయినచోట పిల్లల ఎదుగుదల తక్కువగా ఉంది, ముఖ్యంగా హైస్కూళ్ళలో. వాక్‌త్రూ తర్వాత టీచరుతో మాట్లాడటం, దాన్నిబట్టి ఏదో ఒకటి మార్చడం లేనిచోట ఈ తేడా ప్రస్ఫుటంగా కనిపించింది. ఇది ప్రిన్సిపాళ్ళ లెక్కే, వైస్ ప్రిన్సిపాళ్ళది కాదు. పైగా ఒకటి ఎక్కువున్నచోట రెండోది తక్కువుంది అన్నంత మాత్రాన మొదటిదే కారణమని తేల్చలేం. ఆ జాగ్రత్తలన్నీ పెట్టుకున్నా, చేతిలో చెక్‌లిస్టు పట్టుకుని వరండా అంతా చుట్టేసి ‘ఇవాళ పన్నెండు క్లాసులు చూశాను’ అని రిజిస్టర్లో రాసుకునే అలవాటు మీద నాకు గౌరవం పోయింది. మనిషి తలుపు దగ్గర కనబడగానే టీచరు గొంతు మారుతుంది, పిల్లలు నిటారుగా కూర్చుంటారు. మీరు చూసేది మీకోసం జరిగే నాటకం.

మరి కోచింగ్ అంటే ఏమిటి, ఎలా చెయ్యాలి? దీనిమీద కాస్త నెమ్మదిగా వెళ్తాను, ఎందుకంటే ఈ పేరుతో చాలాచోట్ల జరిగేది నెమ్మదిగా తిట్టడమే. (నవ్వులు)

ఒక టీచర్ని ఎంచుకోండి. మొదటిసారికి అందరికంటే బలహీనమైనవాళ్ళని ఎంచుకోకండి. ‘వైస్ ప్రిన్సిపాల్ ఎవరి క్లాసుకి వెళ్ళారంటే వాళ్ళు ఏదో తప్పు చేశారన్నమాట’ అని స్టాఫ్‌రూమ్ అంతా పాకిపోతుంది. బాగా చెప్పే టీచరు, ఇంకా బాగా చెప్పాలనుకునే టీచరు అయితే మేలు. ముందుగా పది నిమిషాలు కూర్చుని అడగండి: ఈ పాఠంలో మీకు ఏది కష్టంగా ఉంది, నేను దేన్ని గమనించాలి? ఏం చూడాలో టీచరే చెప్పాలి. తర్వాత పీరియడ్ మొత్తం వెనక కూర్చోండి. టీచరు ఏం చేస్తున్నారో అందరూ రాస్తారు. మీరు పిల్లలు ఏం చేస్తున్నారో రాయండి, ఏం మాట్లాడారో ఉన్నదున్నట్టుగా రాయండి. ‘క్లాసు బాగుంది’ అని రాయొద్దు, ‘పాల్గొనడం తక్కువ’ అని రాయొద్దు. అవి మీ తీర్పులు, జరిగిన సంగతులు కావు.

ఉదాహరణకి ఆ టీచరు ‘నేను ప్రశ్న వేస్తే ఎప్పుడూ ఆ నలుగురే చెయ్యెత్తుతారు’ అన్నారనుకోండి. మీరు వెనక కూర్చుని ప్రశ్నకీ, జవాబు అందుకోడానికీ మధ్య ఎంతసేపు ఆగుతున్నారో గడియారం చూసి రాసుకోండి. 1970ల్లో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు తరగతి గదుల రికార్డింగులు విని లెక్కగడితే, టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని తేలింది. దాన్ని మూడు సెకన్లకి పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ సంగతి మీకు తెలుసు కదా అని ఆ టీచరుకి ఉపన్యాసం ఇవ్వకండి. మీరు రాసుకున్న కాగితం ఆవిడ ముందు పెట్టి, ‘ఇందులో మీకేం కనిపిస్తోంది?’ అని అడిగి ఊరుకోండి. అలా ఊరుకోవడం చాలా కష్టం, మనమూ ఒక సెకనులోనే నోరు విప్పేస్తాం. ఆవిడే చూసి ‘అయ్యో, నేను అసలు ఆగడం లేదే’ అంటే, వచ్చే వారం ఏం మార్చి చూస్తారో ఆవిడే చెబుతారు. వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళి అదొక్కటే చూడండి. రెండోసారి వెళ్ళకపోతే మొదటిసారి వెళ్ళింది తనిఖీ కిందే జమవుతుంది.

ఇంకో మాట. ఆ కాగితం ఆ టీచరుదే. వార్షిక మూల్యాంకనం ఫైల్లోకి అది వెళ్ళకూడదు. వెళ్ళిందని ఒక్కసారి తెలిసిందా, ఇక ఏ తలుపూ మీకు మనస్ఫూర్తిగా తెరుచుకోదు. ఈ సంగతి మొదలుపెట్టే ముందే మీ ప్రిన్సిపాల్‌తో స్పష్టంగా మాట్లాడుకోవాలి.

ఇలా టర్ములో నలుగురైదుగురు టీచర్లతో పనిచేస్తే మీకు వచ్చే చదువు ఏ సర్టిఫికెట్ కోర్సూ ఇవ్వదు. కోర్సులు వద్దనడం లేదు, చెయ్యండి. కొన్నిచోట్ల అవి లేకపోతే దరఖాస్తు కూడా తీసుకోరు. దానిమీద ఇంతకంటే చెప్పాల్సింది నా దగ్గర లేదు. వ్యవస్థ తలుచుకుంటే ఏం చెయ్యగలదో తెలియాలంటే సింగపూర్ వైపు చూడండి. 2001 నుంచి అక్కడ భావి ప్రిన్సిపాళ్ళుగా ఎంపికైన వైస్ ప్రిన్సిపాళ్ళని నెలల తరబడి రోజువారీ విధుల నుంచి తప్పించి, జాతీయ విద్యా సంస్థలో పూర్తికాల శిక్షణ ఇస్తున్నారు. అందులో భాగంగా తమది కాని ఇంకో పాఠశాలకి వెళ్ళి, అక్కడ ఒక ప్రాజెక్టు మీద పనిచెయ్యాలి. మనలో చాలామందికి అన్ని నెలలు ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఉన్న పనిలోంచే తియ్యాలి.

ఉన్న పని అంటే, క్రమశిక్షణ రిజిస్టర్ తీసుకోండి. ఒక్కో కేసు వచ్చినప్పుడు ఆ పిల్లాడితో మాట్లాడి, ఇంటికి కబురు పంపి మూసేస్తాం. నెలకోసారి ఆ పేజీలన్నీ పక్కపక్కన పెట్టి చదివారా ఎప్పుడైనా? ఏ పీరియడ్, ఏ గది, ఏ సెక్షన్, ఏ రోజు. సగం గొడవలు భోజన విరామం తర్వాతి పీరియడ్లోనే ఉండొచ్చు. ఒకే టీచరు దగ్గర్నుంచి మూడోవంతు కేసులు రావచ్చు. అదే పిల్లలు ఇంకో టీచరు దగ్గర కిక్కురుమనకుండా ఉంటారు. అప్పుడు అది పిల్లల సమస్యా, తరగతి నిర్వహణలో ఆ టీచరుకి సాయం కావాల్సిన సమస్యా? ఒక కేసు పరిష్కరించేవాడు గుమాస్తాగిరీ చేస్తున్నాడు. ముప్ఫై కేసులు కలిపి చదివి టైమ్‌టేబుల్ మార్చేవాడు స్కూలు నడుపుతున్నాడు. కాస్త కటువుగా అన్నానేమో, కానీ వెనక్కి తీసుకోను.

టైమ్‌టేబుల్ కూడా అంతే. అది గడులు నింపే పని అనుకుంటాం. కొత్తగా చేరిన టీచరుకి అందరూ వద్దన్న సెక్షన్ ఎందుకు పడుతుంది? సీనియర్లు ముందే మంచి సెక్షన్లు పంచేసుకున్నారు కాబట్టి. చదువులో వెనకబడ్డ పిల్లలకి మీ స్కూల్లో అనుభవం తక్కువున్న టీచరు దొరకడం ఆ కాగితం మీద మీరు తీసుకున్న నిర్ణయం. తెలిసి తీసుకున్నా, తెలియక తీసుకున్నా మీదే. ఆ గడి మార్చాలంటే ఒక సీనియర్‌తో కష్టమైన సంభాషణ చెయ్యాలి. నాయకత్వం నేర్చుకోడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

ఇక ప్రిన్సిపాల్‌తో బేరం. మీ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలాంటిదని నాకు తెలుసు. పైన ఆయన, కింద స్టాఫ్. అయినా అడగాలి. ‘నాకు ఎదగడానికి అవకాశం ఇవ్వండి సార్’ అని అడిగితే ‘తప్పకుండా’ అంటారు, మర్నాడు ఇంకో కమిటీ అప్పజెబుతారు. (నవ్వులు) ఇది కావాలని తేల్చి అడగండి. ఫలానా సబ్జెక్టు బృందం ఈ ఏడాది పూర్తిగా నా బాధ్యత, బడ్జెట్‌తో సహా, ఫలితం మంచైనా చెడైనా నాదే అని అడగండి. మీరు తల్లిదండ్రులతోనో యాజమాన్యంతోనో క్లిష్టమైన సమావేశం చేసేటప్పుడు నన్నూ కూర్చోనివ్వండి, అయిపోయాక ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో పావుగంట చెప్పండి అని అడగండి. ఆ పావుగంటని నేను చాలా గట్టిగా సిఫార్సు చేస్తాను. ప్రిన్సిపాల్ ఏం చేశారో మీకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది, ఏది చెయ్యకూడదనుకున్నారో, ఎందుకనుకున్నారో ఆయన చెబితే తప్ప తెలీదు.

అలా అడిగితే కుర్చీకి ఎసరు పెడుతున్నారని అనుకునే ప్రిన్సిపాళ్ళు లేకపోలేదు. వాళ్ళ దగ్గర ఈ బేరం సాగదు. అప్పుడు మీ స్కూలు బయట ఒక మనిషిని వెతుక్కోండి. రిటైరైన ప్రిన్సిపాల్ కావచ్చు, ఇంకో స్కూల్లో మీలాంటి వైస్ ప్రిన్సిపాల్ కావచ్చు. నెలకోసారి కూర్చుని ఆ నెలలో తీసుకున్న ఒక నిర్ణయాన్ని విప్పి మాట్లాడుకోండి. ఇవాళ ఈ గదిలోంచి వెళ్ళేలోపే అలాంటి ఒకరి నంబరు తీసుకోవచ్చు.

ప్రిన్సిపాల్ కావాలని లేనివాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. టీ విరామంలో ఇద్దరు నాతో కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు. సిగ్గెందుకు? ఈ పదవిలోనే ఉండి, ఇందులోనే దిట్టగా మారినవాళ్ళ వల్ల ప్రిన్సిపాళ్ళు మారినా స్కూళ్ళు కుదురుగా ఉంటాయి. కోచింగ్ గురించి చెప్పిందంతా వాళ్ళకీ వర్తిస్తుంది.

ప్రశ్నలు తీసుకుందాం.

(సభలోంచి: ‘ఇదంతా చెయ్యడానికి సమయం ఎక్కడ?’)

ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి. రెండు వారాలపాటు అరగంటకోసారి ఏం చేస్తున్నారో ఒక ముక్క రాసుకోండి. అందులో ఇంకొకరు చెయ్యగలిగిన పనులకి గుర్తు పెట్టండి. సబ్‌స్టిట్యూషన్ చార్టు ఆఫీసు సిబ్బంది వెయ్యగలరు, మీరు సంతకం పెడితే చాలు. ఆ జాబితా పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి. వారానికి రెండు పీరియడ్లు మిగిలితే ఒక టీచరుతో మొదలుపెట్టొచ్చు. ఆ రెండు పీరియడ్లనీ టైమ్‌టేబుల్లో మీ పేరు మీద వేసి స్టాఫ్‌రూమ్‌లో అంటించండి. కనబడేలా రాసిపెట్టిన పీరియడ్‌ని లాక్కోడానికి జనం కొంచెం మొహమాటపడతారు.

(సభలోంచి: ‘నిన్నటిదాకా వాళ్ళతో కలిసి పాఠాలు చెప్పాను. ఇప్పుడు వెళ్ళి క్లాసులో కూర్చుంటే పెత్తనం అనుకోరా?’)

అనుకుంటారండీ. ముందు వాళ్ళని మీ క్లాసుకి పిలవండి. మీకు ఇంకా పీరియడ్లున్నాయి కదా? మీకు కుదరని పాఠం ఏదో చెప్పి, దాన్ని గమనించి రాసిపెట్టమనండి. ఇద్దరు ముగ్గురు మీ క్లాసులో కూర్చున్నాక మీరు వాళ్ళ క్లాసుకి వెళ్ళడం అంత వింతగా ఉండదు. మీకు పీరియడ్లే లేకపోతే ఒక్కటైనా అడిగి తెచ్చుకోండి.

చివరి ప్రశ్న, అక్కడ కిటికీ పక్కన ఉన్నవారు.

(సభలోంచి: ‘ప్రిన్సిపాల్ సెలవులో ఉన్నప్పుడు ఇన్‌చార్జ్‌గా ఉంటున్నాను. నిర్ణయాలు తీసుకోవాలా, ఆయన వచ్చేదాకా ఆపాలా?’)

ఆయన వెళ్ళేముందే ఒక కాగితం మీద మూడు వరసలు గీసుకోండి. మీరే తేల్చేసేవి, ఆయనకి ఫోన్ చేసి తేల్చేవి, వచ్చేదాకా ఆగేవి. పిల్లల భద్రతకి సంబంధించినదేదైనా మొదటి వరసలోనే ఉండాలి, దానికి ఫోన్ కోసం ఆగకూడదు. ఆయన లేని రోజుల్లో ఏ నిర్ణయం తీసుకున్నారో, ఎందుకో, ఒక్కోదానికి రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి. తిరిగొచ్చాక ఆ పేజీలు ముందు పెట్టుకుని ఆయనతో అరగంట కూర్చోండి. ‘అంతా బాగానే జరిగింది కదా’ అని లేవబోతే లేవనివ్వకండి. వీటిలో మీరైతే వేరేలా తేల్చేది ఏది సార్ అని అడగండి.